నాయన కాలి ముక్క

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. అర్ధవీడు దగ్గర మా పల్లెలో పాస్టరుగారు ప్రార్థన చేసి దయ్యం వదిలిస్తుంటే, పక్కన కూర్చుని నవ్వుకున్న పిల్లను నేను. ఇప్పుడు ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాయన కూలి పనికి పోయేవాడు. షుగరు పుండు ఆయన పాదాన్ని ఏళ్ల తరబడి తింటూ వచ్చింది. ఆ పుండు కడుగుతూ పెరిగాను కాబట్టే బయో ఇంజినీరింగ్ చదివి, చర్మాన్ని మళ్లీ పెంచే పరిశోధనలో చేరాను. నా పీహెచ్‌డీ రెండో ఏట ఆయన కాలు మోకాలి కింద తీసేశారు.

తీసేసిన కాలిని మావాళ్లు గుడ్డలో చుట్టి తెచ్చి చర్చి సమాధుల తోటలో పాతిపెట్టారు. అంతకుముందే అందులోంచి గోరంత చర్మం మాత్రం, డాక్టరు అనుమతితో, నాయన సంతకంతో నేను ల్యాబుకు తెచ్చుకున్నాను.

తర్వాత నాయనకు దిగులు పట్టుకుంది. “పనైనాక ఆ ముక్క గూడా తెచ్చియ్యి పాపా, కాలి పక్కన పెడదాం. ప్రభువు లేపేటప్పుడు మనిషిని మొత్తంగా లేపాల గదా” అన్నాడు.

“అది చెడిపోయింది నాయనా, పారేసినాం” అన్నాను. అబద్ధం. ఆ చర్మపు కణాలు ల్యాబులో గాజు డిష్‌లో దివ్యంగా పెరుగుతున్నాయి. నా థీసిస్ అంతా వాటిమీదే.

ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి వాటిమీద ఘాటు మందు వేశాను. ఎన్ని చచ్చిపోతాయో, ఎన్ని తట్టుకుంటాయో చూడాలి. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. సరిగ్గా పదకొండింటికి, లేని కాలు కాలిపోతోందని అరుస్తూ నాయన మంచం మీంచి పడ్డాడట.

తీసేసిన కాలు నొప్పి పెట్టడం మామూలే, పుస్తకాల్లో ఉంది. అయినా టైము రాసుకున్నాను.

బుధవారం మందు లేకుండా ఉత్త ద్రావణం వేశాను. నాయన హాయిగా నిద్రపోయాడట. గురువారం నాలుగింటికి మళ్లీ మందు వేశాను. నాలుగింటికే అరిచాడని చెప్పి అమ్మ ఏడ్చింది. నాకు భయం వేసింది. నిజం చెప్పొద్దూ, సంబరంగా కూడా అనిపించింది.

మా పనిలో ఏ ఫలితమైనా మూడుసార్లు వస్తేనే లెక్క. శుక్రవారం డిష్ బయటికి తీస్తుంటే ఫోన్ మోగింది. నాయన. ఆయన ఎప్పుడూ అమ్మచేతే చేయిస్తాడు.

“ఆ ముక్క నీకాడే ఉండాది గదమ్మా” అన్నాడు. తిట్టలేదు. “ఇంక చాల్లే తల్లీ. ఓర్చుకోలేకుండా ఉండా.”

మందుకీ నొప్పికీ లంకె ఉందని ల్యాబులో గానీ, ముక్క ఇంకా ఉందని ఇంట్లో గానీ నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకు ఎలా తెలిసిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు. ఏమీ లేదు నాయనా, పడుకో అని ఫోన్ పెట్టేశాను. మూడోసారి కూడా మందు వేశాను.