కోవిల్‌పట్టిలో మసక, విరుదునగర్‌లో వెలుగు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, తమిళుల ఐప్పసి నెల, అంటే ఆశ్వయుజ కార్తీకాల వానల్లో, నేను విరుదునగర్‌లో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా ఉన్నాను. రిటైర్మెంటుకు నెలలే మిగిలాయి. ఫోర్‌మన్ అంటే వైర్‌మన్‌లకు పైన, వర్క్స్ మేనేజరుకు కింద. పని చేసేది వాళ్ళు, సంతకం పెట్టేది ఆయన, తిట్లు తినేది నేను. మాది బస్సుల పనే అయినా, మా యజమాని పాత పరిచయస్తుల కార్లు కూడా ఒప్పేసుకునేవారు. "మన పెరుమాళ్‌సామి ఉన్నాడు గదా" అనేవారు. ఆ పెరుమాళ్‌సామిని నేనే. నన్నడిగి ఒప్పుకున్నది ఒక్కటీ లేదు.

అలా వచ్చిందే గోవిందమ్మ అక్క అంబాసిడర్. అక్కది కోవిల్‌పట్టి. భర్త పోయాక చిన్న అగ్గిపెట్టెల యూనిట్టును తనే నడుపుతోంది. డెబ్భై దాటినా కారు కూడా తనే నడుపుతుంది. యూనిట్టులో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరి చెయ్యి కాలినా ఆస్పత్రికి తీసుకెళ్ళేది ఆ కారే. ఇంట్లో మా తెలుగే, గడప దాటితే తమిళం. నేనూ సాత్తూరు తెలుగువాణ్ణే గనుక నాతో తెలుగులోనే మాట్లాడేది.

కారు రిజిస్ట్రేషన్ గడువు తీరింది. పాత బండికి మళ్ళీ ఐదేళ్ళు కావాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టి చూపించాలి. మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును మా వైపు అలాగే అంటారు. మొదటిసారి ఎడమ హెడ్‌లైటు మసకగా ఉందని ఆయన తిప్పి పంపాడు. అక్క కొడుకు శీనివాసన్, ఇంకోసారి ఫెయిలయితే పాత ఇనుము వాడికి ఇచ్చేద్దామన్నాడు. చెడ్డవాడేం కాదు, తల్లి ఈ వయసులో స్టీరింగు పట్టడం అతనికి భయం.

"ఈ వండి పాయిందంటే నేను ఇంట్లో కూసునేదే దా, తమ్ముడా. కూసుంటినంటే నేనుండను" అంది అక్క. నవ్వుతూనే అంది. బండిని అక్క వండి అనే అంటుంది.

రెండుసార్లు కారును విరుదునగర్ తెచ్చింది. రెండుసార్లూ స్విచ్చి వేస్తే లైటు ధగధగా వెలిగింది. వైరింగంతా వెతికాం, ఫ్యూజులు తుడిచాం, బల్బు మార్చాం. కోవిల్‌పట్టి చేరి తెల్లారేసరికి మళ్ళీ మసకే. మా వైర్‌మన్‌లు నా వెనక ముసిముసిగా నవ్వుకుంటున్నారని తెలిసి ఒళ్ళు మండింది. అక్క ఫోన్లో ఇంకా మండించింది: "మీ ఊరికొస్తే పెండ్లికొడుకు మాదిరి నిలుస్తాది. ఈడ మటుకు నా పరువు తీస్తాది. నీకు తెలీదంటే సెప్పు, ఇంకొకణ్ణి సూస్తా!"

రెండో పరీక్ష రోజున తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నేనే కోవిల్‌పట్టి వెళ్ళాను. ఇంజిను స్టార్టు చెయ్యొద్దని ముందే చెప్పి ఉంచాను. చల్లని బండిని చల్లగానే చూడాలి.

హెడ్‌లైటు స్విచ్చి వేశాను. కుడి లైటు బాగానే ఉంది. ఎడమది చమురు తక్కువైన లాంతరులా ఉంది. అంతేకాదు, వెయ్యని పార్కింగు లైటు, వెయ్యని ఇండికేటరు కూడా ఆ పక్కన ఎర్రగా మినుకుమంటున్నాయి. అది చూసి నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. బ్యాటరీ నుంచి కరెంటు తీగలో లైటుకు వెళ్తుంది, తిరిగి రావడానికి మాత్రం బండి ఇనుప ఒళ్ళే దారి. దాన్ని ఎర్తు అంటాం. ఆ దారి మూసుకుపోతే కరెంటు పక్క బల్బుల్లోంచి దూరి దొంగదారి వెతుక్కుంటుంది. బ్యాటరీ నెగిటివ్ నుంచి విడిగా ఒక తీగ తెచ్చి లైటు ఎర్తుకు తగిలించాను. లైటు భగ్గున వెలిగింది. ఇక బానెట్టెత్తి ఎర్తు బోల్టు చూడడమే మిగిలింది.

బోల్టు కనపడలేదు. దాని మీద లేత కొబ్బరికాయంత నల్లగుడ్డ మూట వేలాడుతోంది, అడుగున చెమ్మ. మూట పక్కకు తీస్తే బోల్టు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుని, దాని కింద తుప్పు పొరలు పొరలుగా లేచి ఉంది.

"ఇదేందక్కా?"

"దిష్టికి. కల్లుప్పు, పటికారం. అమావాసికి అమావాసి మారుస్తాను."

విరుదునగర్‌కు వచ్చినప్పుడు ఇది లేదే అని అడిగాను. వర్క్‌షాపులో పరాయి చేతులు తగులుతాయని విప్పి ఇంట్లో పెట్టి వచ్చేదట. ఇంజిను వేడికి, దారి పొడుగునా అదురుకి ఎర్తు తీగ తుప్పును గీరుకుని ఇనుముకు తగులుతుంది, మా దగ్గరికి చేరేసరికి లైటు వెలుగుతుంది. తుప్పునేమో మేం పాత బండి కదా అనుకుని పైపైన తుడిచి వదిలేశాం. ఇంటికి వెళ్ళగానే మూట మళ్ళీ కట్టేది, వానల చెమ్మకు ఉప్పూ పటికా కరిగి రాత్రంతా నీరు కారేది. అసలు సంగతి ఇంకా ఉంది. లైటు మసకబారిన కొద్దీ దిష్టి ముదిరిందని అక్క మూటను పెంచుతూ వచ్చింది. మొదట నిమ్మకాయంతే ఉండేదట.

నేను కడుపు పట్టుకుని నవ్వాను.

"నవ్వితివంటే కాపీ ఇయ్యను!" అంది అక్క.

మూట తీసేద్దామంటే ససేమిరా అంది. ఇన్నేళ్ళలో ఆ కారు ఒక్క కుక్కను కూడా గుద్దలేదట, అదంతా ఆ మూట చలవేనట. సరే, మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి కట్టుకోమన్నాను. మూత అడ్డమైతే మూట దిష్టిని ఎట్లా లాగుతుంది అంది. "కారు అద్దంలోంచి దూరే దిష్టి ప్లాస్టిక్కులోంచి దూరదా అక్కా?" అన్నాను. అక్క లోపలికి పోయి కాఫీ తెచ్చింది. చేతిలో డబ్బా కూడా ఉంది.

పాత బోల్టు వదిలేసి, ఎర్తు తీగను పైకి మార్చాను. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద ఇత్తడి బోల్టు బిగించి, గ్రీజు పూశాను. ఎడమ లైటు కుడిదానితో సమానమైంది.

పరీక్ష మైదానం రెండు వీధుల అవతలే. ఇన్‌స్పెక్టరు హై, డిమ్, ఇండికేటర్లు అన్నీ వేయించి చూశాడు. చాసిస్ నంబరు కోసం బానెట్టెత్తి, డబ్బా చూసి, "ఊరగాయా అమ్మా?" అని తమిళంలో అడిగాడు. అక్క గంభీరంగా తలూపింది. ఆయన పాస్ అన్నాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఏం చూస్తున్నావ్, బండెక్కు అని నన్నే కసిరింది. నాకు ఫోర్‌మన్ ప్రమోషన్ వచ్చిన రోజు కూడా అంత సంతోషం కలగలేదు.

ఇంటి ముందు శీనివాసన్‌తో పాటు యూనిట్టులో పనిచేసే ఒకావిడ నిలబడి ఉంది. ఇంటి దగ్గర ఆవిడ కోడలికి పురిటినొప్పులొస్తున్నాయట. శీనివాసన్ తల్లిని చూశాడు, కారును చూశాడు, వెళ్ళి వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"దిగు తమ్ముడా. ఇడ్లీ ఉండాది, నువ్వే పెట్టుకొని తిను" అని నన్ను దింపేసి, ఆవిణ్ణి ఎక్కించుకుని, హెడ్‌లైట్లు రెండూ వేసుకుని పట్టపగలే వెళ్ళిపోయింది అక్క.

ఏ వేళకు వచ్చే ఫాల్టును ఆ వేళకే, అది ఉన్న ఇంటికే వెళ్ళి చూడాలి. బండికి ఏమైందని అడిగే ముందు, బండికి మీరేం చేస్తారని అడగాలి. మిగిలిన నెలల్లో మా వైర్‌మన్‌లకు నేను నేర్పింది ఇంతే.