నూకరాజు గీసిన ప్లేటు

దెయ్యం మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. అనకాపల్లిలో ఒక కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. స్టాఫ్ రూములో ఎవరైనా అలాంటి కబురు మొదలుపెడితే "సాక్ష్యం ఏదీ?" అని నోరు మూయించేదాన్ని. ఇప్పుడు సాక్ష్యం నా దగ్గరే ఉంది, దాన్నేం చేసుకోవాలో తెలియడం లేదు.

నా పీహెచ్‌డీ ఈస్ట్ మీద. బన్ను పిండిని పొంగించే ఆ ఈస్టే. కణం లోపల కొవ్వు ఒక పొర నుంచి ఇంకో పొరకు ఎలా చేరుతుందన్నది నా ప్రశ్న. ఆ కొవ్వును మోసే ప్రోటీన్ చెడిపోయిన ఈస్టు రకాన్ని మూడేళ్ళు తంటాలు పడి తయారుచేశాను. పదిహేడో నంబరు అంటాం. ఇరవై అయిదు డిగ్రీల చల్లదనంలో బతుకుతుంది. ముప్పై ఏడుకి చేరిందా, కొవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయి చచ్చిపోతుంది. నా థీసిస్ మొత్తం దాని మీదే.

ఏప్రిల్‌లో వరసగా నాలుగు రోజులు సెలవులొచ్చాయి. దాన్ని దాచిన మా డీప్ ఫ్రీజర్ వోల్టేజీ కాస్త తగ్గినా కీచుమని అరుస్తుంది. ఆ గోల భరించలేక, వెళ్ళేముందు అలారం ఆపేశాను. ఫ్రీజర్ ఆ సెలవుల్లోనే చెడిపోయింది. తిరిగొచ్చి తలుపు తీస్తే వేడి గాలి మొహాన కొట్టింది. అసలు ట్యూబులు, నకలు ట్యూబులు రెండూ ఒకే పెట్టెలో పెట్టుకున్న తెలివి నాది.

ఇదివరకైతే భయం ఉండేది కాదు. మా అటెండరు నూకరాజు ఫ్రీజర్‌ని నమ్మేవాడు కాదు. పదిహేను రోజులకోసారి కాస్త ఈస్టు తీసి, జెల్లీలాంటి మేత పోసిన కొత్త ప్లేటు మీద తీగతో గీసి పెంచేవాడు. జనవరిలో పోయాడు. తర్వాత ఆ పని ఎవరూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

మిగిలిన ప్రతి ట్యూబు నుంచీ గీశాను. తొమ్మిది ప్లేట్లు. మూడు రోజులు చూశాను, ఒక్క చుక్క మొలవలేదు. థీసిస్ గడువు రెండుసార్లు పొడిగించారు, మూడోసారి ఇవ్వరు. మిగిలింది రెండు నెలలు. నలభై రెండేళ్ళ మనిషిని, ల్యాబ్ నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంట్లో చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

ఆరో రోజు పొద్దున్న పదకొండింటికి, ఆ ప్లేట్లు పారేద్దామని ఇంక్యుబేటర్ తెరిచాను. పది ఉన్నాయి. పదో దాని మీద ఈస్టు తెల్లగా మొలిచి ఉంది.

అడుగున పదిహేడని నంబరు, రెండు రోజుల కిందటి తేదీ. రాత నూకరాజుది. అతనిది ఎడమచేతి వాటం, గీతలు కుడి నుంచి మొదలవుతాయి. ఇవీ అలాగే ఉన్నాయి. పాత ప్లేటేమో అనుకుంటే, మూడు నెలలకు ప్లేటు ఎండి ముడుచుకుపోతుంది, ఇది తడిగా ఉంది. ల్యాబ్ తాళం ఒకటి నా దగ్గర, రెండోది ప్రిన్సిపాల్ బీరువాలో. ఎవరూ తీసుకున్నట్టు రిజిస్టర్లో లేదు. పరీక్షించాను: చల్లదనంలో పెరిగింది, వేడిలో చచ్చింది. డీఎన్ఏ చదివించాను. నేను చేసిన మార్పే, అక్షరం తేడా లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఉండబట్టలేక, ఫోన్లో ఆ ప్లేటు ఫోటోతో అతని ఊరు దేవరాపల్లి బస్సెక్కాను. నూకరాజు భార్య సన్యాసమ్మ ఫోటోని చాలాసేపు చూసింది.

"ఆయన చెయ్యేనమ్మా. ఏడుకి ఇలాగ అడ్డగీత ఎడతాడు. ఎప్పుడు రాసేడు?"

తేదీ చెప్పాను. అప్పుడు ఎవరికీ చెప్పనిది నేను చెప్పేశాను. ఆఖరి రోజు మధ్యాహ్నం నూకరాజు నా దగ్గరికొచ్చి, "గుండెల్లో ఏటోలాగుంది మేడమ్, ఇంటికెళ్ళిపోతానండి" అన్నాడు. నేను తలెత్తకుండా, "ప్లేట్లు గీసి వెళ్ళు" అన్నాను. గీసే వెళ్ళాడు. ఇంటికొచ్చే బస్సులోనే ప్రాణం పోయింది.

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఫోన్ నా చేతిలో పెట్టి, "అయితే ఇంకా గీత్తన్నాడన్నమాట" అంది. "పనయిపోయిందని సెప్పండమ్మా. మీరు సెప్తేగానీ ఇంటికి రాడు."

సోమవారం ఖాళీ ల్యాబ్‌లో నిలబడ్డాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ప్రయోగాలు ఇంకా మిగిలున్నాయి, మళ్ళీ ఏదైనా పోతే ఎవరు గీస్తారని భయం వేసింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, చెప్పలేదు.

థీసిస్ ఇచ్చేసిన రోజు చెప్పాను. "అయిపోయింది నూకరాజూ, వెళ్ళు." వినేవాళ్ళు ఉన్నారో లేదో తెలియదు. ఆ ప్లేటు ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ ఒక్క మాట చెప్పడానికి అతన్ని ఇంకో ఆరు వారాలు నిలబెట్టాను, అది మాత్రం తెలుసు.