ఇల్లు లాగే మనిషి

ఎల్డన్ హాగెన్ ఇరవై రెండేళ్లలో ఎనిమిది వందల ఇళ్లను కొండలు దాటించాడు. ఒక్క ఇంట్లోనూ కాలు పెట్టలేదు.

ఇండియానా ఫ్యాక్టరీలో తయారైన చక్రాల ఇళ్లను పికప్ ట్రక్కు వీపుకు తగిలించుకుని పడమటి దుకాణాలకు చేర్చడం అతని పని. ఒక్కోటి ఏడు టన్నులు. లోపల మంచం, సోఫా, పొయ్యి అన్నీ ప్లాస్టిక్ కప్పుకుని ఉంటాయి. ఎవరైనా వాడిన గుర్తు కనిపిస్తే డ్రైవరు పని ఊడుతుంది. అందుకే అతను ట్రక్కు సీటులోనే ముడుచుకుని పడుకునేవాడు. "ముడుచుకుని ముడుచుకుని నాలుగంగుళాలు తరిగిపోయాను" అని పెట్రోలు బంకుల్లో చెప్పేవాడు. అంతకుమించి చెప్పుకోవడానికి అతనికి మనుషులు లేరు.

ఆ మార్చి మధ్యాహ్నం వుల్ఫ్ క్రీక్ కనుమ దిగుతున్నాడు. అక్కడ మేకలు కూడా గేరు తగ్గించి దిగుతాయి. ఇంజను మూలుగుతోంది. వెనక ఇల్లు విందుకు ఎగబడ్డ జనంలా తోస్తోంది. బ్రేకు తొక్కిపెడితే కాలిపోతుంది కాబట్టి తొక్కుతూ, వదులుతూ మలుపులు దాటించాడు.

సగం దిగాక దారి మూసేశారు. ముందు మంచుచరియ పడిందట.

ముందు కారులోంచి ఒక ముసలాయన దిగి వచ్చాడు. "బాబూ, మా ఆవిడ వెర్నాకి తుంటి ఆపరేషనయి నాలుగు రోజులే. ఇక కూర్చోలేనంటోంది. నీ ఇంట్లో మంచముందా?"

"ఉందండీ. కానీ ఇల్లు నాది కాదు. లాగడం ఒక్కటే నాది."

కారులోంచి మూలుగు వినిపించింది. ఎల్డన్ తాళంచెవి తీశాడు. ఆమెను గుమ్మం దాకా మోసి, ముసలాయనకు అప్పగించి, తన దుప్పటి కూడా ఇచ్చి, తను గడప దాటకుండా వచ్చి ట్రక్కులో కూర్చున్నాడు.

రెండు గంటల తర్వాత దారి తెరిచారు. ఆ మాట చెప్పడానికి వెళ్లి తలుపు తట్టాడు.

"ఎవరది?" అంది లోపలి నుంచి వెర్నా.

ఎనిమిది వందల ఇళ్లలో ఏ ఇల్లూ అతన్ని అలా అడగలేదు. "నేనేనమ్మా... డ్రైవర్ని."

"లోపలికి రావయ్యా! చలిలో నిలబడి తలుపు కొట్టడమేంటి?"

బూట్లు విప్పి వెళ్లాడు. సోఫా మీది ప్లాస్టిక్ కరకరలాడింది. ముసలాయన ఫ్లాస్కు మూతలో కాఫీ పోసిచ్చాడు.

"పెళ్లాముందా?" అంది వెర్నా.

"ఉండేదండీ. ఎలుగుబంటితో వెళ్లిపోయింది. అదైతే చలికాలమంతా ఇంటిపట్టునే ఉంటుందట."

ఆమె తుంటి పట్టుకుని నవ్వింది. "నవ్వించకురా, కుట్లు తెగుతాయి! ఏంటా హారన్లు?"

"దుప్పులమ్మా. ఈ కొండల్లో అలాగే అరుస్తాయి."

చెప్పాల్సిన మాటను కాఫీతో పాటు మింగి పది నిమిషాలు కూర్చున్నాడు.

మర్నాడు దుకాణంలో తనిఖీ చేసే పిల్ల నోరీన్ మంచం దగ్గర ఆగింది. "తాతా, ఇక్కడ తలపిన్నుంది. ఎవరిది?"

ఎల్డన్ నాలుక మీద మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"చుట్టాలొచ్చారమ్మా" అన్నాడు.

నోరీన్ అతని ముఖంలోకి చూసింది. పిన్ను తీసి అతని చొక్కా జేబులో వేసింది. "ఇది నీ ట్రక్కులో దొరికింది. సరేనా?" అని తనిఖీ కాగితం మీద సంతకం పెట్టింది.

తిరుగుదారిలో బరువు లేని ట్రక్కు కనుమ మీదికి మేకపిల్లలా గెంతింది. దారి మూసిన చోట ఎల్డన్ కాసేపు ఆపాడు. ఆ రోజు దారి తెరిచే ఉంది.