కొట్టేసిన త్రిభుజం

పోలీసు చర్య తర్వాత కాలేజీలో లెక్కలు ఉర్దూ వదిలి ఇంగ్లీషులోకి వచ్చాయి. మౌలాలి రైల్వే క్వార్టర్ల పిల్లలు నలుగురు హైస్కూలు దాకా ఉర్దూలోనే చదివారు. కాలేజీకి వెళ్లాక వాళ్లు తడబడకూడదని ఆదివారాలు సికింద్రాబాదులోని మా ఇంటి వరండాలో పాఠం చెప్పేవాణ్ణి. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. త్రిభుజం మూలలకు అలిఫ్, బే, జీమ్ అని రాస్తే చాలు, కొట్టేసి ఏ, బీ, సీ అని మళ్లీ రాయించేవాణ్ణి.

ఒక ఆదివారం ఆ నలుగురిలో ఒకరైన రైల్వే ఫిట్టర్ గారి అమ్మాయి ఒక సిద్ధాంతాన్ని పేజీ నిండా రుజువు చేసి తెచ్చింది. మూలల్లో అలిఫ్ కనబడగానే చదవకుండా అడ్డంగా గీత కొట్టేశాను. ఆ పిల్ల నోట్‌బుక్కు మూసుకుంది. నేను బోర్డు వైపు తిరిగి పెద్ద గుణకారం ఒకటి మొదలుపెట్టాను.

"మాస్టర్ సాబ్, మీరు సుత ఎక్కాలు ఉర్దూలనే చదువుతున్నరు. జెర పైకే ఇనబడుతుంది," అంది ఆ పిల్ల మెల్లగా.

నిజమే. నేను చదివిందీ ఉర్దూ బడిలోనే.

నోట్‌బుక్కు ఇమ్మని చెయ్యి చాపాను. నేను గీసిన గీత కిందున్న రుజువును అప్పుడు చదివాను. ఒక్క తప్పు లేదు.