రైలు లేటని పిన్నికి చెప్పిన రోజు

రైలెక్కడానికి ఎంత ముందు స్టేషన్‌కి వెళ్లాలని ఎవరైనా అడిగితే, ఏలూరు లాంటి ఊళ్లో అరగంట ముందు చాలని తడుముకోకుండా చెప్పేదాన్ని. పోయిన చలికాలం మా చెల్లి రూత్ పెళ్లినాడు చేసిన ప్రయాణం తర్వాత అలా చెప్పడం మానేశాను. పెళ్లి తాడేపల్లిగూడెంలో, చర్చిలో, మధ్యాహ్నం మూడున్నరకి. మాకు నాన్న లేరు. పెళ్లికూతుర్ని చర్చి గుమ్మం నుంచి పాస్టర్ గారి ముందు దాకా చెయ్యి పట్టుకుని నడిపించుకెళ్లడం తండ్రి చేసే పని. నాన్న స్థానంలో దానియేలు బాబాయే నడిపించాలని చెల్లి పట్టుబట్టింది. బాబాయ్ నాన్నకి సొంత తమ్ముడు. కొల్లేటికోటలో చేపల చెరువు కౌలుకి తీసుకుని చేసుకుంటున్నారు. బస్సెక్కినా కారెక్కినా ఆయనకి కడుపులో తిప్పేస్తుంది, రైలైతే కిటికీ పక్కన హాయిగా కూర్చుంటారు. అందుకని ఏలూరులో ఉండే నేను పొద్దున్నే వెళ్లి ఆయన్ని తీసుకొచ్చి రైలెక్కించాలని ఇంట్లో అందరం అనుకున్నాం.

ఏలూరు నుంచి కైకలూరుకి తెల్లవారగానే బస్సులుంటాయి, గంట పైన పడుతుంది. ఇప్పుడు ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి టికెట్ అక్కర్లేదు, మగవాళ్లకి అరవై రూపాయలకి అటూ ఇటూ అవుతుంది. కైకలూరులో దిగితే కొల్లేటికోటకి షేర్ ఆటోలు దొరుకుతాయి. దారంతా రెండువైపులా నీళ్లే. ఏది కొల్లేరో, ఏది కొల్లేట్లో తవ్విన చెరువో కొత్తవాళ్లకి తెలియదు. తెలిసినవాళ్లు దాని గురించే ఏళ్ల తరబడి పోట్లాడుకుంటున్నారు. చలికాలం కాబట్టి నీళ్ల మీద పెద్ద పెద్ద పక్షులు తీరుబడిగా తేలుతున్నాయి. వాటిని చూడ్డానికే వెళ్లేవాళ్లయితే ఎండెక్కకముందే వెళ్లడం మంచిది.

నేను వెళ్లేసరికి బాబాయ్ తెల్లచొక్కా తొడుక్కుని, కొత్త చెప్పులు వేసుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎప్పుడు తయారయ్యారని అడిగితే కోడి కూయకముందేనని పిన్ని లోపల్నుంచి చెప్పింది. ఆయన పద్ధతే అంత. తన రైలెక్కడానికి కాదు, ముందు రైలుని సాగనంపడానికి వెళ్తారని మేమంతా ఎగతాళి చేసేవాళ్లం. వారం రోజులుగా సాయంత్రంపూట చెరువు గట్టు మీద మెల్లగా నడవడం అలవాటు చేసుకుంటున్నారని కూడా పిన్ని నవ్వుతూ చెప్పింది. ఆయనది మామూలుగా పరుగులాంటి నడక. పెళ్లికూతురు చీర కుచ్చిళ్లు కాళ్లకి అడ్డం పడతాయేమోనని ఆయన భయం. బాబాయ్ సిగ్గుపడి, ఇక బయల్దేరదామన్నారు.

మా రైలు ఏలూరులో పన్నెండు నలభైకి. పది గంటలకల్లా కదిలితే తొందర లేకుండా అందుతుంది. అప్పుడే నేను ఫోన్ తీసి చూశాను. బండి గంటా నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తోందని చూపించింది. ఆలోచించకుండా ఆ మాట పైకి అనేశాను. అంతే, పిన్ని వచ్చి గుమ్మంలో నిలబడింది.

మావైపు ఎవరింటికైనా వెళ్తే తినకుండా బయటపడటం కష్టం. ఆకలి లేదంటే నమ్మరు, పనుందంటే వినరు. రైలు టైమైపోతోందంటే మాత్రం వదిలేస్తారు. మాకున్న మర్యాదైన సాకు అదొక్కటే. రైలు లేటని చెప్పాక ఇక మన దగ్గర ఏమీ మిగలదు. పైగా పిన్నికి మోకాళ్ల నొప్పులు, పెళ్లికి రాలేకపోతోంది.

"నేనెలాగూ రాలేనమ్మా. నా చేతి ముద్దయినా తిని వెళ్లండి. కొరమేను కూడా తెప్పించాను," అంది.

అప్పుడు కాదనాల్సింది నేను. బాబాయ్ కాదనలేరు, ఆయన ఇల్లే అది. స్టేషన్‌లో కూర్చుని తిందాం, కారియర్ కట్టేయమని ఒకసారి అని చూశారు. పెళ్లికెళ్తూ ప్లాట్‌ఫాం మీద తినడమేంటని పిన్ని ఒప్పుకోలేదు. నేను ఫోన్ చూపించి, బోలెడు టైముంది బాబాయ్ అన్నాను. పిన్ని పొయ్యి వెలిగించింది. పులుసు అద్భుతంగా ఉంది, ఆ మాట కూడా చెప్పాలి. బాబాయ్ మాత్రం కలిపిన అన్నం కలుపుతూనే గడియారం వైపు చూస్తూ తిన్నారు. మేం బయల్దేరేసరికి పదకొండున్నర దాటింది.

ఏలూరు దాకా ఆటో పన్నెండు వందలకి మాట్లాడాను. గాలి తగులుతుంది కాబట్టి ఆటోలో ఆయనకి ఫర్వాలేదు. కైకలూరు దాటి కొల్లేరు వంతెన మీదకి వచ్చాక మళ్లీ ఫోన్ చూశాను. ఆలస్యం యాభై నిమిషాలుంది. కాసేపాగి చూస్తే ముప్పై. ఆటో అతను అద్దంలో నా మొహం చూసి సంగతి అడిగి, నెమ్మదిగా అన్నాడు.

"బెజవాడలో ఎక్కువసేపు ఆగే బండ్లండీ అయ్యి. లేటయిన రోజున అక్కడ అంతసేపు ఆగకుండా లాగించేస్తారండి."

ఏలూరు స్టేషన్ మెట్లెక్కుతుంటే మా బండి చివరి పెట్టె ప్లాట్‌ఫాం దాటిపోయింది. కారు మాట్లాడతానన్నాను. వాంతులైనా సరే వస్తానన్నారు బాబాయ్ గానీ, ఆ తెల్లచొక్కా చూశాక నాకే మనసొప్పలేదు. ఒంటిగంటా యాభైకి ఇంకో బండి ఉంది, సమయానికే నడుస్తోంది. మూడులోపు చేరతాం. అదే ఎక్కాం. టికెట్ ఒక్కొక్కరికి యాభై రూపాయల లోపే.

భీమడోలు దాటాక ఒక చిన్న స్టేషన్‌లో దాన్ని పక్క లైన్లోకి మళ్లించి ఆపేశారు. ఒక ఎక్స్‌ప్రెస్ వెళ్లింది, తర్వాత గూడ్సు, మళ్లీ ఇంకో ఎక్స్‌ప్రెస్. దిగి రోడ్డు మీదకెళ్లి ఆటో పట్టుకుందామా అని నేను లేచిన ప్రతిసారీ, ఎదురు సీటులో పెద్దాయన "ఇదిగో ఇప్పుడు వదిలేస్తాడండీ, కూర్చోండి" అనేవాడు. ఆయన తప్పేం లేదు, నేనూ అదే నమ్మాలనుకున్నాను. ఆగిన రైల్లో ఉన్న కష్టమే అది. దిగిపోతే కదిలిపోతుందేమోనని భయం, కూర్చుంటే కదలదు. అలా గంట దాటింది. మూడున్నరకి అమ్మ ఫోన్ చేసింది. చెల్లి కారులోనే కూర్చుందని, పాస్టర్ గారికి సాయంత్రం ఇంకో పెళ్లి ఉందని, ఇంకొక్క పావుగంట ఆగుతారని చెప్పింది. బాబాయ్ నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు.

"వదినగారూ, ఇంకెవరూ వద్దండి. మీరే నడిపించండి," అని నాకు ఫోన్ ఇచ్చేసి కిటికీ వైపు తిరిగారు.

మేం చర్చికి చేరేసరికి నాలుగుంబావు. ప్రమాణాలు అయిపోయాయి, పాట పాడుతున్నారు. అమ్మ ముందు వరుసలో నిలబడి ఉంది. ముసుగు సర్దుకుంటూ ఏడుస్తోంది, ఆ ఏడుపులో ఏదో గర్వం కూడా ఉంది. జనం మధ్యలో అంత దూరం అందరి ముందూ నడిచి వెళ్లడం ఆవిడకి జీవితంలో అదే మొదటిసారి. బాబాయ్ చివరి బెంచీలో కూర్చుని, అక్కణ్నుంచి గుమ్మం దాకా, మళ్లీ గుమ్మం నుంచి ముందు దాకా ఆ దారిని చూశారు. నాకు దుఃఖం ఆగలేదు.

పెళ్లయ్యాక చెల్లి బయటికి వస్తూ మెట్ల దగ్గర ఆయన్ని చూసి ఆగింది. "ఏమైపోయారు బాబాయ్? మీ కోసం ఎంత చూశానో," అంది.

"బండి లేటమ్మా," అన్నారు బాబాయ్.

అందరూ తలూపారు. మావైపు ఆ మాటకి సాక్ష్యం అడిగేవాళ్లుండరు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేకపోయాను. తర్వాతి బండి ఆగిపోయిన మాట నిజమే గానీ, మేం ఎక్కాల్సిన బండి ఆ రోజు ఏలూరు నుంచి ఇరవై నిమిషాల ఆలస్యంతోనే వెళ్లిపోయింది, లేటయింది మేమే. ఆలస్యం అంటే మనకి కలిసొచ్చిన సమయం అనుకుంటాం, దాన్ని వెంటనే ఎక్కడో ఖర్చు పెట్టేస్తాం. అది మనకి ఇచ్చింది కాదు, ఎప్పుడైనా వెనక్కి తీసేసుకుంటారు. కాబట్టి ఫోన్ ఏం చూపించినా, టైంటేబుల్లో ఉన్న సమయానికి గంట ముందే ప్లాట్‌ఫాం మీద ఉండండి. అన్నం కారియర్లో కట్టించుకోండి. ఇంట్లో అడిగితే బండి రైట్ టైమే అని చెప్పండి. ఆ అబద్ధం పొద్దున్న పిన్నితో నేను ఆడి ఉంటే, సాయంత్రం చర్చి మెట్ల మీద బాబాయ్ అబద్ధం ఆడాల్సి వచ్చేది కాదు.