వికారాబాదు సారు చలివేంద్రం

ఆ రోజుల్లో గురువులే వేరు అని మా తాండూరు బడి పాతవాళ్ళం కలిసినప్పుడల్లా ఎవరో ఒకరు మొదలుపెడతారు. వెంటనే మా వికారాబాదు సారు మాట వస్తుంది. అంత పెద్దింటి మనిషై ఉండి కూడా పిల్లలందరినీ ఒకటిగా చూశారనీ, బడి వదిలాక ఇంటికి పోకుండా మాకు నీతులు నేర్పడానికే పొద్దుగూకేదాకా కూర్చునేవారనీ, అంత త్యాగం ఈ కాలంలో ఎవరు చేస్తారనీ. నేను అక్కడే అడ్డం పడతాను. త్యాగమూ లేదు, ఏమీ లేదు. ఆయన రోజూ వికారాబాదు నుంచి రైల్లో వచ్చి పోయేవారు. తిరుగు రైలు సాయంత్రం గానీ లేదు. ఎండాకాలం ఒంటిపూట బడి అయిపోయాక ఆ మధ్యాహ్నమంతా ఏం చెయ్యాలి? మమ్మల్ని పట్టుకున్నారు. (ఈ మాట అన్నందుకు మా తరగతి లీడరు, ఇప్పుడు పెద్ద వకీలు, మా ఇంట్లో చాయ్ తాగడం మానేశాడు. చక్కెర మిగిలింది.)

బాలసంఘం అని దానికి పేరు. బడి ముందు పరిచిన షాబాదు బండల మీద నిలబడి "నిజమే చెప్తాం, అందరం ఒక్కటే" అని గట్టిగా అనాలి. చెప్పుల్లేని కాళ్ళు, కాలిన బండలు. ఒక్కొక్క విలువకు ఒక్కొక్క కాలు ఎత్తుతూ గెంతుతూ చెప్పేవాళ్ళం. దూరం నుంచి చూసినవాళ్ళు మాకు నాట్యం నేర్పిస్తున్నారనుకునేవారట.

ఆ ఏడు సారు స్టేషన్లో చలివేంద్రం పెట్టించారు. మధ్యాహ్నం వాడి జంక్షను వైపు పోయే ప్యాసింజరు ఆగగానే కుండల్లోంచి చెంబులతో ముంచి కిటికీల దగ్గర నీళ్ళు పొయ్యాలి. నేను పొట్టిదాన్ని. నేను పోస్తే దోసిట్లో కన్నా అంగీ చేతుల్లోకి ఎక్కువ పోయేవి. మా సంఘంలో ఆ పని వచ్చింది పొడుగుజడకు ఒక్కదానికే. జడే కాదు, మనిషీ పొడుగే. ఊరి చివరి వాడ నుంచి వచ్చేది. లెక్కల్లో సున్నా, పద్యాల్లో సున్నా. బడిలో ఆమెను ఎవరైనా మెచ్చుకున్నది ఆ చెంబు పట్టిన తర్వాతే. వాళ్ళమ్మకు మాత్రం ఇష్టం లేదు. "ఎవడన్న ఏమన్న అంటే ఏడ్సుకుంట ఇంటికి రాకు" అని చెప్పి పంపిందట.

ఒకరోజు తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన కిటికీలోంచి దోసిలి పట్టాడు. పొడుగుజడ చెంబు ఎత్తింది. నీళ్ళు చెంబు అంచు దాకా వచ్చాక ఆయనకు గుర్తుకొచ్చింది.

"మీరేమోళ్ళు బిడ్డా?"

పొడుగుజడ చెయ్యి ఆగింది. వెనక నుంచి సారు మెల్లగా, "చిన్నపిల్లలం అని చెప్పు" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "ఆయన అడిగింది వయసు కాదు గద సార్" అన్నాను. సారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

"మాదిగోళ్ళం తాతా. నీళ్ళు మాత్రం స్టేషను నల్లావే" అంది పొడుగుజడ.

దోసిలి విడిపోయింది. ఆయన నా వైపు తిరిగి మీరేమోళ్ళని అడిగాడు. కోమటోళ్ళమన్నాను. అయితే నువ్వు పొయ్యమన్నాడు.

"నేను పొయ్య. నాకు సక్కగ రాదు, నీ అంగీ తడుస్తది" అన్నాను. (అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కావాలంటే నిన్నటి ప్రయాణికులను అడగవచ్చు.)

గార్డు ఈల ఊదాడు. ముసలాయన పెదవులు ఎండి పగిలి ఉన్నాయి. సారు ముందుకొచ్చి పొడుగుజడ చేతిలోని చెంబు తీసుకుని తనే పోశారు. గంజి పెట్టిన తెల్లచొక్కా, మడత నలగని ధోతీ, కళ్ళద్దాలు. ముసలాయన ఆయన్ను పైనుంచి కిందికి చూసి, ఏమీ అడక్కుండా గటగటా తాగి, "సల్లగుండు సారూ" అన్నాడు. రైలు కదిలింది.

నేను ఊరుకుంటానా? అందరం ఒక్కటే అన్నప్పుడు ఆమె చెంబు ఎందుకు తీసుకున్నారని నిలదీశాను. "దాహం ఆగదమ్మా" అన్నారాయన. అంతే. పొడుగుజడ మొహం పక్కకు తిప్పుకుంది, భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికి పోయాను. నవ్వుతోంది.

ఇంటికి పోయే దారిలో, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని అసలు సంగతి చెప్పింది. "సారు వికారాబాదుల మా పెద్దమ్మోళ్ళ వాడల్నే ఉంటడు. సారు గుడ మావోళ్ళే."

"మరి ఆ తాత ఎట్ల తాగిండు?"

"తాత సారును అడగలే గద."

మర్నాడు రైలు రాకముందే పొడుగుజడ వచ్చి చెంబు పట్టుకుని నిలబడింది. అడిగినవాళ్ళకు చెప్పేది. కొందరు తాగారు, కొందరు దోసిలి వెనక్కి తీసుకున్నారు. ఆమె మటుకు ఆ ఎండాకాలమంతా ఎవరికీ చెంబు ఇవ్వలేదు. సారు మాత్రం బండల మీద మా చేత ఆ రెండు మాటలు అనిపించడం మానేశారు. ఎందుకని అడిగితే రైలు టైమైందన్నారు.

చదువైపోయి నాకు పరిగిలో ఉద్యోగం వచ్చినప్పుడు అద్దెగదికి పోతే, ఇల్లుగలామె తలుపు సగం తీసి మొట్టమొదట అడిగింది, "మీరేమోళ్ళమ్మా?" అని. కోమటోళ్ళమనగానే తలుపు మొత్తం తెరుచుకుంది. నేను మాత్రం సంచీ పట్టుకుని గడప బయటే నిలబడిపోయాను. రైలు కోసం కూర్చునేవారని ఇన్నాళ్ళూ గెలిచిన వాదన గెలిచినట్టే ఉంది గానీ, ఆ మనిషి తాండూరులో గది ఎందుకు తీసుకోలేదని నా అంత వాదులాడే మనిషికి ఆ గడప దాకా వచ్చేవరకు ఒక్కసారైనా తోచలేదు.

సారు పోయి చాలా ఏళ్ళయింది. ఇది రాయనా అని పొడుగుజడను అడిగితే, "రాయి, నీ నోరు ఎట్లాగు ఆగదు" అంది. ఒట్టు ఆమే తీసేసింది కాబట్టి రాశాను. వకీలుగారు చదివి ఇంక చాయ్‌కి వస్తారో రారో వారి ఇష్టం. నాకు తెలియాల్సింది ఒక్కటే మిగిలింది. సారు నిజమే చెప్పి ఉండేవారని పొడుగుజడ అంటుంది. నేనూ అవుననే అంటాను, కానీ అన్న ప్రతిసారీ ఆ ఎండిన పెదవులు గుర్తొస్తాయి. ఈల మోగుతుండగా ఆ ముసలాయన ఆయన్ను కూడా అడిగి ఉంటే, చెంబు చేత పట్టుకున్న మా సారు ఏం చెప్పి ఉండేవారు?