సొర నూనె పూసిన సైకిలు

ఆ బేరగాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు. అతను పోయి చాలా కాలమైందని విన్నాను. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. ఎందుకు పెట్టుకోకూడదో మాత్రం ఎవరూ చెప్పరు.

మాది చిల్లకూరుకు తూర్పున సముద్రం ఒడ్డున ఉన్న పల్లె. మగవాళ్ళు వేటకు పోయి తెల్లవారేసరికి ఒడ్డుకు వచ్చేవాళ్ళు. అక్కడి నుంచి ఎండకూ మాకూ పందెం. గూడూరుకు చేప తాజాగా చేరితే ఒక ధర, కన్ను తెల్లబడి మొప్ప నల్లబడి చేరితే ఇంకొక ధర. ఆడవాళ్ళం గంప నెత్తిన పెట్టుకుని నడిస్తే చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. బేరగాడికి సైకిలుంది. మా చేపలే ఒడ్డున కొని, మేము ఇసక దాటకముందే గూడూరు నిమ్మకాయల మార్కెట్టు పక్కన కూర్చుని అమ్ముకునేవాడు. అందుకని ఒడ్డున అతను చెప్పిందే ధర. గొణిగితే నవ్వేవాడు.

"అయితే నువ్వే మోసుకోని పో మ్మే. మెడ గట్టిపడతాది."

నా మెడ అప్పటికే గట్టిగా ఉండేది.

అణాలు పోయి కొత్త పైసలు వచ్చిన కొన్నాళ్ళకు అతను కొత్త సైకిలు కొన్నాడు. పాతదాని టైర్లు ఊడదీసుకుని, మిగిలింది మేము ఉప్పుచేపలు ఎండేసే పాక వెనక పడేశాడు. అక్కడ నలుగురు ఆడవాళ్ళం ఉన్నాం.

"ఇదేందన్నా, తీసకపోవా?" అని నేనే అడిగాను.

"నాకెందుకది? తెప్పకు లంగరు కట్టుకోండి," అన్నాడు. నలుగురం విన్నాం. నలుగురం నవ్వాం కూడా.

వానలు పడి తగ్గేదాకా అది అక్కడే ఉంది. ఉప్పుగాలి ఇనుమును ఏం చేస్తుందో ఒడ్డున బతికినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ముట్టుకుంటే తుప్పు పెచ్చులుగా ఊడేది. ముందు చక్రానికి సగం పుల్లలు లేవు, వెనక చక్రం వంకర తిరిగి ఉంది. సీటు తోలు ఎలకలు తిన్నాయి. ఛైను బిగుసుకుని ఇనప కడ్డీలాగా అయింది. ఒకరోజు బేరగాడు మా కానాగంత చేపల గంపలో చెయ్యి పెట్టి, వాసన చూసి, ముఖం చిట్లించి, ముందురోజు ఇచ్చినదాంట్లో సగం ఇస్తానన్నాడు. అవి ఇంకా తోక కొట్టుకుంటున్న చేపలు. ఇచ్చింది తీసుకున్నాను. తిన్నగా పాక వెనక్కు పోయి ఆ ఇనుమును భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాను.

మా అత్త వాకిట్లోనే అడ్డం నిలబడింది. "ఎవురన్నా చచ్చినారా, పాడె మోసుకోనొస్తాండావు?"

"సైకిలు, అత్తా."

"ఎవురెక్కేదానికి?"

"నేనెక్కేదానికి."

ఆమె పక్కింటివాళ్ళను కేకేసి పిలిచి మరీ నవ్వింది.

ఇసకతో, కొబ్బరిపీచుతో రుద్దాను. చేతులు చీరుకుపోయాయి. కొన్నాళ్ళకు లోపలి ఇనుము తెల్లగా బయటపడింది. గట్టి ఇనుము. పైన ఎంత పాడైనా గొట్టాల్లో ఎక్కడా చిల్లు లేదు. పడవ చెక్కలకు ఏటా సొరచేప నూనె పట్టించడం మా పద్ధతి. ఉప్పునీళ్ళు చెక్కలోకి దిగకుండా కాపాడేది అదే. చెక్కను కాపాడేది ఇనుమును కాపాడదా అనుకున్నాం. "సందుల్లోకి కూడా పొయ్యి," అన్నాడు మా ఆయన. పోశాను. గొట్టాలకు పూశాను, ఛైను నానబెట్టాను, చక్రాల మధ్య ఇరుసుల్లోకి, పెడళ్ళ మొదళ్ళలోకి గరిటెతో పోశాను. బిగుసుకున్నవన్నీ కదిలాయి. చేత్తో తిప్పితే పెడలు గిర్రున తిరిగింది. నాకంటే తెలివైనది లేదనుకున్నాను.

వారం తిరక్కముందే ఆ నూనె ఎండకు జిగురై, జిగురు లక్కయి కూర్చుంది. దానికి ఇసక అంటుకుంది. తిరిగినవి మళ్ళీ బిగుసుకుపోయాయి. పల్లెలో ఉన్న పిల్లులన్నీ మా వాకిట్లో సైకిలు చుట్టూ చేరి నాకడం మొదలుపెట్టాయి.

"నీ సైకిలుకు సుట్టాలొచ్చినారు మ్మే," అంది మా అత్త.

గూడూరులో సైకిలు షాపు ముందు దాన్ని దించితే షాపాయన ముక్కు మూసుకున్నాడు. "ఏందమ్మా ఇది, సైకిలా, సొరచేపా? బయట పెట్టు, బయట పెట్టు!"

నిమ్మకాయల వ్యాపారులు ఇద్దరు పంచర్లు వేయించుకుంటూ కూర్చుని ఉన్నారు. వాళ్ళ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"దీని చక్రాలు పనికిరావు. నీ మొగుణ్ణి పంపించు, మాట్లాడతాను. ఆడదానితో నాకేంది?" అన్నాడు.

"ఆయన సముద్రంలో ఉండాడు. నువ్వే పొయ్యి పిలుచుకోని రా," అన్నాను.

నా ఇత్తడి బిందె అమ్మి వాడిన చక్రాలు రెండు, ఛైను, టైర్లు, సీటు, వెనక క్యారియరు, హ్యాండిలు కింద వేసే ఇనప గోళీలు ఒక్కొక్కటిగా అతని దగ్గరే కొన్నాను. అమ్మాడు కానీ బిగించనన్నాడు. ఆ కంపులో చెయ్యి పెట్టనన్నాడు. సరే, వద్దు. రోజూ చేపలు అమ్ముకోవడానికి అతని షాపుకు ఎదురుగా రోడ్డుకు ఇటువైపు కూర్చున్నాను. వేరేవాళ్ళ సైకిళ్ళు అతను విప్పుతుంటే చూశాను. ఇరుసులోని ఇనప గోళీలను కిరసనాయిల్లో కడిగి, తుడిచి, గ్రీజు పూసి, పళ్ళెంలో వరసగా పెట్టి మళ్ళీ వేసేవాడు. ఒకరోజు నేను చూడటం చూసి షాపుకు అడ్డంగా గోనెపట్టా కట్టాడు. పట్టాకు చిరుగుంది.

ఇంట్లో నేనూ అట్లాగే విప్పాను. గడ్డకట్టిన నూనె కిరసనాయిలుకు సగమే లొంగింది. మార్కెట్టులో కుళ్ళినవని పారబోసిన నిమ్మకాయలు గంపలో ఏరుకొచ్చి, రసం పిండి, గుడ్డతో రుద్దితే మిగతాది ఊడింది. ముందు గొట్టానికి అక్షరాలున్న రేకు బిళ్ళ ఉండేది. ఆ రుద్దుడుకు అక్షరాలూ పోయాయి. అప్పటికి నాకు చదవడం రాదు. తల నెరిశాక చదవడం నేర్చుకుని, కనిపించిన గోడా, బస్సూ అన్నీ చదివిన రోజుల్లో ఆ బిళ్ళ మీద ఏముండేదోనని ఆలోచించాను. అంత గొప్ప మాట ఏమీ ఉండదు.

పాత చక్రాల చుట్లు రెండూ పారేయలేదు. మా ఇళ్ళలో ఇనుము పారేయరు. వాటికి వల కట్టి పీతలు పట్టడానికి వాడాం.

తొక్కడం నేర్చుకుంటూ పడని చోటు లేదు. మధ్యలో అడ్డకడ్డీ ఉంది. చీర మోకాళ్ళ పైకి గోచీలాగా బిగించి, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి తొక్కాను. "పీత మాదిరి పక్కకు పోతాందే!" అని ఒడ్డున వలలు బాగుచేసుకునే మగవాళ్ళు అరిచారు. ఆ తర్వాత కడ్డీ మీదుగా కాలు వేసి సీటెక్కాను. అప్పుడు ఎవరూ అరవలేదు. అటు తిరిగి ఉమ్మారు.

మా ఆయన తెచ్చిన చేపలు తడి తాటాకులు పరిచిన గంపలో వేసి, క్యారియరుకు కట్టి, ఇసకలో తోసుకుంటూ కంకర రోడ్డు దాకా పోయి, అక్కడ ఎక్కాను. గూడూరు చేరేసరికి చేపల కళ్ళు నల్లగా మెరుస్తున్నాయి. గంప ఖాళీ అయ్యాక కూడా ఎండ పూర్తిగా ఎక్కలేదు. ఒక నెల అట్లా గడిచింది. ఆ నెలలో బేరగాడికి మా ఇంటి చేప ఒక్కటి కూడా పోలేదు.

అతను పంచాయితీ పెట్టించాడు.

మా పల్లెలో తగాదాలు తీర్చేది పెద్దకాపు, అతనితో కూర్చునే నలుగురు. పోలేరమ్మ గుడి ముందర కూర్చున్నారు. నా సైకిలును మధ్యలో నిలబెట్టారు.

"సైకిలు నాది. ఆడ పెట్టిపోయినాను. ఈమె ఎత్తకపోయింది," అన్నాడు బేరగాడు.

"పారేసినావు. లంగరు కట్టుకోమన్నావు."

"ఎవురు విన్నారు?"

విన్న ముగ్గురూ అక్కడే ఉన్నారు. ముగ్గురూ ఇసకలోకి చూశారు. మర్నాడు చేపలు అతనికే అమ్మాలి మరి. అర్థమైంది. అర్థమైతే కోపం పోవాలని ఏముంది? ఆ ముగ్గురిలో ఒకతె నా చిన్నాడబిడ్డ.

"ఇచ్చెయ్ మ్మే, పీడ పోతాది," అంది మా అత్త.

పెద్దకాపు గొంతు సవరించుకున్నాడు. "కొట్టుకొచ్చిన వలకు ఏం న్యాయమో దీనికీ అదే న్యాయం. తెగిపోయిన వల ఎవురికి దొరికినా, వల గలాయన వచ్చి అడిగితే ఇచ్చెయ్యాల. సైకిలు ఆయనకు ఇచ్చెయ్."

"న్యాయం సగమే చెప్పినావు మామా. మిగతాది కూడా చెప్పు," అన్నాను.

ఇంతలో వెనక వరసలో కూర్చున్న మా ఆయన, చేతిలో ఉన్న దారం పేనడం ఆపకుండా, "దొరికినాయన కట్టిన బెండ్లూ తాళ్ళూ ఇప్పుకోవచ్చు," అన్నాడు.

ఆ రోజు ఆయన మాట్లాడింది అంతే. అది ఎవరూ కాదనే మాట కాదు. ఆ న్యాయంతో అక్కడున్న ప్రతి ఇల్లూ ఎప్పుడో ఒకప్పుడు వలను నీళ్ళ మీద తేల్చే ఆ బెండ్లు విప్పుకున్నదే.

ఇంటికి పోయి పానాలు తెచ్చాను. అందరి ముందూ కూర్చుని విప్పాను. ముందు క్యారియరు. తర్వాత సీటు. ఛైను తీసి గంపలో వేశాను. చక్రాలు రెండూ ఊడదీసి పక్కన పెట్టాను. హ్యాండిలు కింద ఉన్న గోళీలు కూడా నేను కొన్నవే. అవి ఏరుకుని కొంగున ముడేసుకుంటే ముందు ఫోర్కు దానంతటది జారి కింద పడింది. పెద్దకాపు పక్కన కూర్చున్నవాళ్ళలో ఒకాయన నవ్వాపుకోలేక దగ్గాడు. ఆఖరున పీతల వలలు తెప్పించి, వల కోసేసి, తుప్పుపట్టిన చుట్లు రెండూ బేరగాడి కాళ్ళ దగ్గర వేశాను.

"చూసుకో అన్నా. నువ్వు పారేసినట్టే ఉండాదా, ఏమన్నా తక్కువా?"

అతని ముఖం మాడింది. కాసేపు ఫ్రేము వైపు చూసి, గొంతు తగ్గించి నా దగ్గరికొచ్చాడు. "సామానంతా మళ్ళీ బిగించి ఇచ్చెయ్ మ్మే. నీ ఇంటి చేప వరకు మంచి ధర ఇస్తాను. ఎవురికీ చెప్పబాక."

"ఒప్పుకో, ఒప్పుకో," అని మా అత్త వెనక నుంచి నా రెక్క గిల్లింది.

"ఒడ్డున నువ్విచ్చే ధర నాకొద్దు. గూడూరులో నీకొచ్చే ధర కావాల," అన్నాను. అందరికీ వినపడేట్టే అన్నాను.

అతను ఆ ఇనుమునంతా తన కొత్త సైకిలు క్యారియరుకు కట్టుకున్నాడు. గంపలు కట్టడానికి చోటు లేకపోయింది. కావాలనే చేశాడు. ఆ పూట పల్లెలో ఒక్క చేప కూడా కొనకుండా పోయాడు. ఆడవాళ్ళంతా నా మీద పడ్డారు. ఇసకలోకి చూసిన ముగ్గురివే పెద్ద గొంతులు. "నీ మూలాన మా చేపలు మురిగిపోతాండాయి గదే!"

"గంపలుండాయి, కాళ్ళుండాయి. నడవండి. మెడలు గట్టిపడతాయి," అన్నాను.

పెద్దకాపుకు కూడా అవమానమైంది. నేను మళ్ళీ సైకిలెక్కితే మా ఇంటికి దురాయి వేస్తానన్నాడు. దురాయి పడితే పల్లెలో ఎవరూ ఆ ఇంటివాళ్ళతో మాట్లాడకూడదు, పొయ్యిలోకి నిప్పు కూడా ఇవ్వకూడదు.

నేను గూడూరు షాపులో పాత సామాను గుట్టలోంచి ఇంకొక ఫ్రేము ఎంచుకున్నాను. షాపాయన, "మళ్ళీ సొర నూనె పూసినావంటే ఈ వీధిలోకే రానియ్యను," అన్నాడు. పూశాను. గొట్టాల పైన మాత్రమే పూశాను. లోపల గ్రీజు పెట్టాను. నూనె పైన పొరకట్టి ఉన్నన్నాళ్ళు ఆ ఇనుముకు తుప్పు పట్టలేదు. కంపంటారా, చేపలు మోసే సైకిలు మల్లెపూల వాసన వేయాలా?

నేను సైకిలెక్కాను. దురాయి పడింది. ఆ వేటకాలమంతా మాతో ఎవరూ మాట్లాడలేదు. నాకు పెద్ద తేడా కనిపించలేదు. మా ఆయనకు మాత్రం తోడు లేక ఒక్కడే చిన్న తెప్ప మీద పోవాల్సి వచ్చింది, చేప తక్కువ పడింది. ఇంట్లో ఉన్నా మా అత్త కూడా పల్లె మాటే విని నాతో మాట్లాడటం మానేసింది. వంట మాత్రం నా చేతిదే తిన్నది.

కొత్త ఫ్రేముతో మొదటిరోజు గూడూరు పోయినప్పుడు బేరగాడు ఎప్పుడూ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. అక్కడే గంప దించాను. సగం చేపలు అమ్ముడుపోయాక అతను ఒడ్డున బేరాలు ముగించుకుని చెమటలు కారుతూ వచ్చి, సైకిలు దిగి నా ముందు నిలబడ్డాడు. చేపలు కొనడానికి నా చుట్టూ చేరిన ఆడవాళ్ళు అతని గంప వైపు చూడనైనా చూడలేదు.

"ఇది నా చోటు. లెయ్ మ్మే," అన్నాడు.

అప్పటికి ఎండ ఆ పక్క నుంచే వస్తోంది. అతను అడ్డంగా నిలబడేసరికి నా గంప మీద ఎండ పడటం లేదు.

"జరగబాకన్నా, ఆడే నిలబడు. నీ నీడ నా చేపలకు బాగుండాది," అన్నాను.